అందరికీ ఎర్ర చీటీ

గట్టిగా మొరపెట్టుకునేవాడి మొరే దేవుడు ముందు వింటాడా? పూజలో నేను పెదవులైనా కదపను. అందుకే ఈ అనుమానం ఇరవయ్యేళ్లుగా నన్ను వదల్లేదు.

దాన్ని తీర్చే భారం ఆరోగ్యశాఖ మంత్రిగారు తీసుకుంటారని అనుకోలేదు. "పెద్ద ప్రమాదమై వందమంది ఒక్కసారి వచ్చిపడినా మన సర్జన్లు తడబడకూడదు. ఒక్క పూటలో అందరికీ శిక్షణ!" అని ఆయన ప్రకటించారు. తర్వాత ఇంకో ప్రారంభోత్సవం ఉంది కనక సర్టిఫికెట్లు ముందు, శిక్షణ వెనక అని దయతో ఏర్పాటు చేశారు.

ఆస్పత్రి ఆవరణలో వేదిక వేశారు. శిక్షణ కోసం క్షతగాత్రుల వేషంలో, ఉత్తుత్తి దెబ్బలతో నలభైమందిమి చాపల మీద పడుకున్నాం. పెద్ద సర్జనమ్మ నా చేతికి చీటీ కడుతూ, "ఏం అన్నయ్యగారూ, వదిన కాన్పుకి ఎక్కించిన రక్తం బాటిల్ ఇప్పటికైనా తిరిగిస్తారా?" అంది.

"సూదంటే భయమమ్మా."

"ఇరవయ్యేళ్ల నుంచీనా!"

ఎర్ర చీటీ అంటే ముందు చూడాలి. ఆకుపచ్చ అంటే ఆగొచ్చు. మంత్రిగారి బావమరిదికి ఆకుపచ్చ వచ్చింది.

"పార్టీలో ముప్పయ్యేళ్ల నుంచి ఉన్నాం, మేం ఆగాలా?"

"ఇది దెబ్బని బట్టండీ, పార్టీని బట్టి కాదు."

మంత్రిగారు సమదర్శి. "ఎవర్నీ నొప్పించొద్దు. అందరికీ ఎర్రవే కట్టండి," అన్నారు. ఆ గౌరవానికి పొంగిపోయి, క్షతగాత్రులంతా ఫొటో కోసం వేదికెక్కారు. నాకు మొహమాటం ఎక్కువ కనక చాప మీదే ఉండిపోయాను. వేదిక మోసినంతసేపు మోసి, కూలింది.

"చచ్చాన్రోయ్! ముందు నన్ను చూడండి!" మంత్రిగారి గొంతు మైకు లేకుండానే గేటు దాకా వినిపించింది. సర్జనమ్మ ఆయన మోచేతి మీద గీత చూసి, ఆకుపచ్చ చీటీ కట్టింది.

"నేనెవరో తెలుసా?"

"తెలుసండీ. ఇంత గట్టిగా అరుస్తున్నారంటే ఊపిరికి ఢోకా లేదు. నోరెత్తనివాళ్లెవరో ముందు చూడాలి."

నోరెత్తనివాడు మైకు సెట్టతను. కూలిన వేదిక బల్లల కింద, తొడలోంచి రక్తం కారిపోతూ ఉన్నాడు. సర్జనమ్మ రెండు చేతులతో గాయాన్ని అదిమిపట్టింది. శిక్షణ పొందిన సర్జన్లు చుట్టూ మూగారు.

"మేమేం చెయ్యాలి మేడమ్?"

"ముందు ఆ సర్టిఫికెట్లు కింద పెట్టండి!"

అతను బతికాడు. రెండు బాటిళ్ల రక్తం పట్టింది.

మర్నాడు పేపర్లో పెద్దక్షరాలు: "శిక్షణ విజయవంతం. క్షతగాత్రుడి పాత్రలో జీవించిన మంత్రి." బ్లడ్ బ్యాంకు మంచం మీద పడుకుని చదివాను. సూది దిగింది. పళ్లు బిగించాను.

"అరవొచ్చు అన్నయ్యగారూ," అంది సర్జనమ్మ.

"వద్దమ్మా, ఆకుపచ్చది కట్టేస్తావు."

బాటిల్ నిండింది.