ఒళ్లో నిలవని గిటారు

ఆ ఆదివారం పొద్దున్న కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గిటారుకి ఒక తీగ తెగింది. వాద్యాల షాపుకి వెళ్లి కొత్త తీగల సెట్టు కొనుక్కుని, భోజనం వేళకి ఇంటికి చేరాలి. భార్యతోనూ అదే చెప్పాడు.

"తీగలేనా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది. ఆవిడ బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఏ జవాబునైనా రెండోసారి అడిగితే మారుతుందేమో చూడటం ఆవిడకి ఉద్యోగరీత్యా వచ్చిన అలవాటు.

"తీగలే," అన్నాడు ఆయన, రెండుసార్లూ.

అబద్ధం చెప్పాలని ఆయనకి లేదు. కాకపోతే మొన్న రిహార్సల్లో చెప్పుల షాపాయన అన్న మాట ఇంకా చెవిలోంచి పోలేదు. ఆయన కళ్లజోళ్ల షాపు ఉన్న షాపింగ్ కాంప్లెక్సులో దుకాణదారుల సంఘం వార్షికోత్సవానికి ఆరు వారాలు ఉంది. మందుల షాపాయన డ్రమ్స్, చెప్పుల షాపాయన పాట, కళ్లజోళ్లాయన ఎలక్ట్రిక్ గిటారు. ఒకే ఒక్క పాట, అందులో నాలుగే కార్డ్‌లు. అంటే తీగల్ని నాలుగు రకాలుగా నొక్కిపట్టడం వస్తే చాలు. పాట అయ్యాక చెప్పుల షాపాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "అంతా బాగుంది గురూ. ఆ గిటారు పట్టుకుంటే మాత్రం దిండు కౌగిలించుకుని నిద్రకి సిద్ధమైనవాడిలా ఉన్నావు," అన్నాడు. అందరూ నవ్వారు. కళ్లజోళ్లాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు వల్లే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిజానికి ఆ పాత గిటారు అంత సుఖమైన వస్తువు ఆ ఇంట్లో మరొకటి లేదు. నడుము దగ్గర లోపలికి నొక్కుకుని ఉంటుంది కాబట్టి తొడ మీద దానంతటదే కూర్చుంటుంది. వెనకవైపు పొట్ట పట్టేంత గుంట తీసి ఉంటుంది. కుడిచెయ్యి ఆనేచోట అంచు చెక్కేసి ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆ గుంటా, ఆయన పొట్టా ఒకదాన్నొకటి చూసుకుంటూ పెరిగాయి.

వాద్యాల షాపులో గోడ మీద అది వేలాడుతోంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, రెండు రెక్కలు వెనక్కి విరుచుకున్న బాణం ములుకులా. ఎక్కడా వంపు లేదు, గుంట లేదు. ఆయన అద్దం ముందు మెడలో వేసుకుని చూసుకున్నాడు. పొట్ట లోపలికి పీల్చాడు. అద్దంలో ఉన్న మనిషి ఆయనకి చాలా నచ్చాడు.

"మీరు నిలబడి వాయిస్తారా సార్, కూర్చునా?" అని అడిగింది అక్కడి సేల్స్ అమ్మాయి.

"ఏం?"

"కూర్చుని వాయించేవాళ్ల ఒళ్లో ఇది నిలవదు సార్. కింద ఆనడానికి నడుము లేదు కదా, జారిపోతుంది. కొంచెం సన్నగా ఉన్నవాళ్లయితే ఆ రెండు రెక్కల మధ్య తొడ పెట్టి..." అని ఆ అమ్మాయి మర్యాదగా ఆయన తొడ వైపు చూసి ఆగిపోయింది.

ఆయన జీవితంలో ఎప్పుడూ పది నిమిషాలకి మించి నిలబడి వాయించలేదు. నడుము ఒప్పుకోదు. "నిలబడే," అన్నాడు. తన షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ, అద్దంలో చూసి ఫ్రేమ్ కొనకండి, అరగంట ముక్కు మీద పెట్టుకుని చూసి కొనండి అని ఇరవై ఏళ్లుగా నచ్చజెబుతున్న మనిషి, పాత గిటారు అక్కడే మార్పిడికి ఇచ్చేసి ఎర్రదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. తీగల సంగతి మర్చిపోయాడు.

భార్య దాన్ని ఎగాదిగా చూసింది.

"మిగతా సగం ఎప్పుడిస్తారట?"

"ఇదింతే. దీని ఆకారమే ఇది."

"పోనీలెండి," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ పోనీలెండి అంటే సంగతి ఇంకా పోలేదని అర్థం.

భోజనం చేసి ఆయన సోఫాలో కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. అది మోకాలి మీదుగా సాఫీగా జారి నేల మీద పడింది. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ జారింది. తువ్వాలు మడిచి వేసుకున్నాడు. తువ్వాలుతో సహా జారింది. రెక్కల మధ్య తొడ ఇరికించబోతే తొడ పట్టలేదు, పైరెక్క వెళ్లి పొట్టలో గుచ్చుకుంది. మూడు రోజుల పాటు వాయించిన సేపు కంటే వంగి కిందనుంచి ఎత్తిన సేపే ఎక్కువైంది.

నాలుగో రోజు ఆయనకి స్నానాలగదిలో జారకుండా వేసే రబ్బరు పట్టా కనిపించింది. నీలం రంగు, మీద తెల్ల చేపల బొమ్మలు. స్కేలు పెట్టి గీత గీసి, కత్తెరతో రెండు పట్టీలు కోసి గిటారు వెనక అంటించాడు. మిగిలిన పట్టాని ఎక్కడిదక్కడే పరిచాడు. గిటారు మొదటిసారి ఒళ్లో నిలిచింది. అంచు చుట్టూ ఉండే పట్టు పోయిన పట్టా మాత్రం నేల మీద నిలవలేదు. మర్నాడు పొద్దున్న అత్తగారు దాని మీద కాలు పెట్టారు.

అత్తగారికి డెబ్భై రెండేళ్లు. నలభై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, కూతురి దగ్గర ఉంటున్నారు. ఎముకల డాక్టరు ఫొటో తీసి చూసి, పెద్ద ప్రమాదమేమీ లేదు, ఆరు వారాలు కదలకూడదు అని కుడికాలికి పాదం నుంచి తొడ సగం దాకా కట్టు వేశాడు. ఆవిడ కాలు చాపుకుని చక్రాల కుర్చీలో ఇంటికొచ్చారు. కూతురు తిన్నగా స్నానాలగదికి వెళ్లి పట్టా తెచ్చింది.

"దీన్ని ఎవరు కోశారు?"

కళ్లజోళ్లాయనకి నిజం చెప్పడానికి మంచి అవకాశం అదే. కానీ కట్టుతో అత్తగారు ఎదురుగా ఉన్నారు. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎలుక కొరికినట్టుంది."

సాయంత్రానికల్లా ఎలుకలు పట్టే ఆయన వచ్చేశాడు. పట్టాని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అమ్మా, ఇది తిన్నగా కొరికింది. ఇటూ తిన్నగానే, అటూ తిన్నగానే. మూల చూడండి, గోడ కట్టినట్టుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత చదువుకున్న ఎలుకని నేను చూడలేదు."

"ప్రమాదమా?" అంది భార్య.

"మామూలుది కాదమ్మా. సామానంతా బయట పెట్టించండి."

రెండు రోజులు కళ్లజోళ్లాయన షాపు మూసుకుని, బీరువాలు జరిపి, అటక మీద పెట్టెలన్నీ దింపి, ఎలుకలాయన పదకొండు చోట్ల జిగురు అట్టలు పరిచాక మళ్లీ ఎక్కించాడు. అసలే అంతంతమాత్రంగా ఉన్న నడుము పూర్తిగా చెయ్యిచ్చింది. ఈ హడావిడిలో గిటారు వెనక చేపలు ఎవరి కంటా పడకుండా దాన్ని మంచం కిందనుంచి తీసి బీరువా వెనక్కి తోశాడు. అక్కడా ఒక అట్ట ఉందని ఆయనకి గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న భార్య బీరువా తలుపు వేసిన అదురుకి వెనకనుంచి టంగుమని శబ్దం వచ్చింది. ఆవిడ ఫోను తీసింది. "వెంటనే రండి. పడింది. చాలా పెద్దది."

ఎలుకలాయన కర్రతో, టార్చిలైటుతో, చేతులకి తోలు తొడుగులతో వచ్చాడు. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. అత్తగారు కుర్చీని గుమ్మందాకా తోయించుకున్నారు. కళ్లజోళ్లాయన, "నేను చూస్తానుగా, మీకెందుకు శ్రమ," అని మూడుసార్లు అన్నాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు. ఎలుకలాయన బీరువా వెనక చెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి లాగాడు. ఒక రెక్కకి జిగురు అట్ట వేసుకుని ఎర్రగిటారు బయటికొచ్చింది. దాని వీపు మీద నీలం పట్టీలు, పట్టీల మీద సగం సగం చేపలు.

ఎలుకలాయన పట్టా తెప్పించి పక్కన పెట్టాడు. ప్రతి తలా వెళ్లి తన తోకతో కలిసింది.

"దొరికిందమ్మా," అన్నాడు ఎలుకలాయన, తొడుగులు విప్పుకుంటూ. ఆయన చూపు మాత్రం గిటారు మీద లేదు.

హెడ్‌మిస్ట్రెస్ తీర్పు అరనిమిషంలో వచ్చింది. పట్టీలు పీకెయ్యాలి. ఆరు వారాలూ సాయంత్రాలు ఆయన అత్తగారి దగ్గరే ఉండాలి. "మీ వాయింపు కూడా అక్కడే కానివ్వండి. అమ్మ వింటూ ఉంటుంది."

"నేనేం చేశానే?" అన్నారు అత్తగారు.

అలా ఆయన సాధన అత్తగారి గదిలోకి వచ్చింది. జారే బాధ పడలేక ఆయన నిలబడే వాయించేవాడు. పది నిమిషాలకి భుజం లాగేది, పదిహేనో నిమిషానికి నడుము పట్టేసేది. అత్తగారు స్టూలు మీద కాలు చాపుకుని ఆయన వేళ్లనే చూస్తూ ఉండేవారు.

"అల్లుడుగారూ, అదే చోట ఇది నాలుగోసారి. చూడకుండా కొట్టమని నా దగ్గర నేర్చుకునే పిల్లలకి చెప్పేదాన్ని. మీరు చూస్తూ కూడా తప్పు కొడుతున్నారు."

రెండో వారంలో ఒక సాయంత్రం నడుము హఠాత్తుగా కలుక్కుమంది. "అత్తయ్యగారూ, ఒక్క నిమిషం," అని ఆయన గిటారు ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడ కాలి మీద పెట్టాడు. కట్టుకి ఇటొక రెక్క, అటొక రెక్క దిగి, గిటారు మెడ ఏటవాలుగా పైకి లేచి సరిగ్గా ఆవిడ ఎడమచేతి దగ్గర ఆగింది. ఆయన నమ్మలేక దాన్ని కదిపి చూశాడు. గరుకైన కట్టు మీద అది అంగుళం కూడా జరగలేదు. ఎంత ఒళ్లు హూనం చేసుకున్నా తన దగ్గర ఒక్కరోజు నిలవని వస్తువు, ఆవిడ దగ్గర పుట్టినప్పటినుంచీ ఉన్నట్టు కూర్చుంది. ఆయన మనసు చివుక్కుమంది.

"ఆ మొదటిది ఎక్కడెక్కడ నొక్కాలి?" అన్నారు అత్తగారు.

నలభై ఏళ్లు పది వేళ్లకి పది పనులు అప్పజెప్పిన మనిషికి నాలుగు కార్డ్‌లు ఒక లెక్క కాదు. వారం తిరిగేసరికి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ వాయించడం మొదలుపెట్టారు. అయిదో వారంలో మందుల షాపాయన నొప్పి మాత్రలు ఇవ్వడానికి వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు.

"గురూ! నీ చెయ్యి ఇంతలా తిరిగిందేమిటి!" అని కేకేసి తలుపు తోశాడు. గురువు నడుము కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు.

మందుల షాపాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కుర్చీ లాక్కుని అత్తగారి పక్కన కూర్చున్నాడు. "అమ్మగారూ, పై శనివారం మీకేమైనా పనుందా?"

"కాలు కట్టుతో ఉంది కదా, ఆవిడెలా..." అన్నాడు కళ్లజోళ్లాయన, లేవబోయి లేవలేక.

"కాలు ఇలా ఉంది కాబట్టే కదా అల్లుడుగారూ," అన్నారు అత్తగారు.

ఆయనకి ఇంకొక్క ఆశ మిగిలింది. మర్నాడు నడుము పట్టుకుంటూ వాద్యాల షాపుకి వెళ్లి పాత గిటారు తిరిగి ఇమ్మన్నాడు. "అది మర్నాడే అమ్ముడైంది సార్," అంది సేల్స్ అమ్మాయి. "మీ కాంప్లెక్సులో చెప్పుల షాపు ఉందట కదా, ఆ సారే."

చెప్పుల షాపాయన గల్లా వెనక స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని వాయించుకుంటున్నాడు. పన్నెండేళ్ల ఆ గుంటలో ఇప్పుడు వేరే పొట్ట ఒదిగి ఉంది.

"దిండులా ఉందన్నావు కదరా!" అన్నాడు కళ్లజోళ్లాయన.

"దిండులా ఉంది కాబట్టే కొన్నాను గురూ. గంటసేపు కూర్చున్నా ఎక్కడా నొప్పి లేదు. నువ్వెందుకు వదులుకున్నావో ఇప్పటికీ అర్థం కాదు."

శనివారం సాయంత్రం కాంప్లెక్సు ముందు వేసిన వేదిక మీద పాట మొదలైంది. మందుల షాపాయన డ్రమ్స్ ముందు ఉన్నాడు. చెప్పుల షాపాయన పాడుతూ, ఒళ్లో గిటారు నిమురుతూ ఉన్నాడు. మధ్యలో అత్తగారు చాపిన కాలి మీద ఎర్రగిటారు, ఫిరంగి మీద ఎక్కించిన బాణంలా జనం వైపు తిరిగి ఉంది. ఆవిడ తీగల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మూడో వరసలో ఎవరో మాట్లాడుకుంటుంటే వాళ్లనే చూశారు, వాళ్లు మానేశారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. హెడ్‌మిస్ట్రెస్ అందరితోపాటు లేచి నిలబడింది.

వేదిక దిగాక మందుల షాపాయన కళ్లజోళ్లాయన భుజం మీద చెయ్యి వేశాడు. "పై ఏడు నువ్వు లేకుండా కుదరదు గురూ."

ఆయన మొహం వెలిగింది. "ఏం వాయించమంటావు?"

"వాయించడం కాదు. అమ్మగారిని తీసుకురావాలి."

కళ్లజోళ్లాయన అత్తగారి కుర్చీ వెనక్కి వెళ్లి, పిడులు పట్టుకుని, మెల్లగా ఇంటి వైపు తోయడం మొదలుపెట్టాడు. ఆ పిడులు మాత్రం ఆయన నడుము వంచే అవసరం లేకుండా సరిగ్గా చేతులకి అందే ఎత్తులో ఉన్నాయి.