చెవులు మూసుకున్న కూతల శాఖ

ఒక పెద్ద అడవిలో కూతల శాఖ అని ఒకటి ఉండేది. చిరుత కనబడితే ఆ సంగతి అడవంతటికీ చేరవెయ్యడం దాని పని. కొండ అంచు నుంచి వాగు దాకా తొమ్మిది చెట్లు, చెట్టుకొక కొండముచ్చు. మొదటి చెట్టువాడు కూత పెడితే రెండోవాడు అందుకునేవాడు, రెండోవాడిది మూడోవాడు. కొండమీద చిరుత ఆవలింత పూర్తయ్యేలోపు వాగు దగ్గర దుప్పులు తలలెత్తేవి.

ఎవరి కూత ఎవరికి అందించాలో మోదుగాకు మీద రాసి చెట్టుచెట్టుకూ కట్టి ఉంచేవారు. ఆ ఆకుల బాధ్యత ఓబులేసు అనే ముసలి కొండముచ్చుది. ఆకు మార్చాల్సి వస్తే ముందు ఒక్క చెట్టుకే మార్చేవాడు. పాత ఆకు చంకలో పెట్టుకుని, "ఏదీ, ఒక కూత వెయ్యి నాయనా" అనేవాడు. పక్క చెట్టు నుంచి జవాబు వినబడ్డాకే ఆ చెట్టెక్కేవాడు. మొత్తం మార్చడానికి మూడు రోజులు పట్టేది. మారినట్టు అడవిలో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఓబులేసు ఏ పనీ చెయ్యడని శాఖలో పేరు.

ఇలా ఉండగా శాఖకు కొత్త డైరెక్టరుగా నీలకంఠం అనే నెమలి వచ్చాడు. పొరుగడవిలో మూడు వారాల శిక్షణ పొందాడట. ఏం నేర్చుకున్నాడో గానీ, తోక విప్పకుండా ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు.

"కూత నేరుగా వాగుకు పోవడమేమిటి? దారిలో అధ్యక్షుల వారి మడుగు ఉందే. వారికి వినిపించకుండా దాటిపోవడం మర్యాదేనా?" అన్నాడు. అధ్యక్షుల వారంటే ఏనుగు.

కొత్త ఆకులు రాసే పని గుమాస్తా ఉడుముకు పడింది. పట్టుకున్నది వదలని ఉడుము, రాసింది మాత్రం తిరిగి చదవదు. ఓబులేసు ఆకులు చూసి తల గోక్కున్నాడు.

"సార్, నాలుగో చెట్టువాడు ఐదోవాడికి చెప్పాలని ఉంది. ఐదోవాడు మళ్లీ నాలుగోవాడికే చెప్పాలని ఉంది. కూత అక్కడే తిరుగుతుందండి. ముందు ఒక్క చెట్టు మీద చూద్దాం."

"ఒక్క చెట్టుకు ప్రారంభోత్సవం చేస్తారటయ్యా? రేపు అధ్యక్షుల వారు వస్తున్నారు. తొమ్మిదీ ఒకేసారి మారాలి. పాత కూతలు కొత్త కూతల్లో కలవకుండా అందరూ చెవులూ నోరూ మూసుకోవాలి. నేను 'మొదలు' అనగానే తెరవాలి."

ఓబులేసు రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టి చూసుకుని తీశాడు. "చెవులు మూసుకున్నవాడికి 'మొదలు' అన్నమాట ఎలా వినబడుతుందండీ?"

నీలకంఠం తోక సగం ముడుచుకుంది. మళ్లీ విచ్చుకుంది. "నీకు మార్పంటే భయం, ఓబులేసూ" అన్నాడు. సిబ్బందంతా నవ్వారు.

ఆ సాయంత్రం ఓబులేసు తొమ్మిది చెట్లూ ఎక్కి దిగాడు. పాత ఆకులన్నిటికీ నకళ్లు రాసుకుని చంకలో దోపుకున్నాడు. మోకాళ్లు నొప్పెట్టాయి గానీ మనసు కొంచెం కుదుటపడింది.

మర్నాడు ఉడుము కొత్త ఆకులు కట్టింది. ఏనుగు మొదటి చెట్టు కింద నిలబడి తొండంతో పూలతీగ తెంపింది. చెవులు మూసుకోమన్న కూత ఎంత చక్కగా పోయిందంటే, అందించినవాడు అందించినట్టే పాత ఆకు చింపేసి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని, భక్తిగా కళ్లు కూడా మూసుకున్నాడు. అడవి నిశ్శబ్దమైపోయింది. చూడవచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"మొదలు" అన్నాడు నీలకంఠం.

ఎవరూ కదల్లేదు.

"మొదలు" అన్నాడు మళ్లీ, ఈసారి గొంతు చించుకుని. మొదటి చెట్టువాడు నెత్తిమీదే ఉన్నాడు. వాడి ముఖంలో ఎంతో ప్రశాంతత.

"ఆజ్ఞ అంటే ఇలా పాటించాలి" అని మెచ్చుకుంది ఏనుగు.

సరిగ్గా అప్పుడే చిరుత కొండ దిగింది. నెమలి పుట్టుక పుట్టినందుకు నీలకంఠం కెవ్వున అరిచాడు. డైరెక్టరయ్యాక అతను శాఖకు పనికొచ్చేలా చేసిన మొదటి పని అదే. అందుకునేవాడే లేడు.

ఓబులేసుకు వాగు దగ్గరి దుప్పులు గుర్తొచ్చాయి. కొమ్మల మీద దూకుతూ నాలుగో చెట్టు చేరి, అక్కడివాడి వేళ్లు చెవుల్లోంచి లాగాడు. ఐదోవాడివీ లాగాడు. "చిరుత వచ్చింది, ఆకు చూడకుండా వాగు వైపు అందించండి" అన్నాడు. నాలుగోవాడు ఐదోవాడికి చెప్పాడు. ఐదోవాడు ఆకు చూసి నాలుగోవాడికి చెప్పాడు. నాలుగోవాడు కంగారుపడి ఐదోవాడికి చెప్పాడు. వాళ్లలా గొంతులు పోయేదాకా ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

దుప్పులను కాపాడింది ఏనుగు. చిరుతను చూసి వాగు వైపు పరుగు లంకించుకుంటే నేల అదిరింది. ఆ అదురుకు దుప్పులు చెట్టుకొకటి పుట్టకొకటిగా పారిపోయాయి. చిరుతకు దక్కింది నోటినిండా నెమలి ఈకలే.

ఆపైన ఓబులేసు మొదటి చెట్టు నుంచి మొదలుపెట్టాడు. ఒకడి వేళ్లు తీయడం, పాత ఆకు నకలు కట్టడం, కూత వేయించడం, పక్కవాడి చెవులు తెరిచి జవాబు వినడం. మూడోనాడు తొమ్మిదో చెట్టు నుంచి జవాబు వచ్చినప్పుడు కొమ్మకు చేరగిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

నాలుగోనాడు విచారణ జరిగింది. ప్రాణాలకు తెగించి స్వయంగా వాగుదాకా వెళ్లి దుప్పులను హెచ్చరించినందుకు అధ్యక్షుల వారికి సన్మానం. విధి నిర్వహణలో తోక త్యాగం చేసినందుకు నీలకంఠానికి పదోన్నతి. ఇక తప్పెవరిదో తేలాలి.

"ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసా?" అని అడిగింది ఏనుగు.

"తెలుసండి" అన్నాడు ఓబులేసు.

"రాసుకో" అంది ఏనుగు ఉడుముతో. "ఇంత వివరంగా ముందే తెలిసినవాడు ఇతనొక్కడే."

ఉడుము రాసుకుంది. తిరిగి చదవలేదు.

నీతి: ప్రమాదం రాబోతోందని ముందుగా చెప్పినవాడు, వచ్చాక దోషిని వెతికే శ్రమ పైవాళ్లకు తప్పిస్తాడు.