లేని వడ్రంగి

మీ దగ్గర దాపరికమెందుకు! మా ఆవిడ ఊళ్లో లేని నాలుగు రోజుల్లో నేను చేసిన ఘనకార్యం, ఆవిడ పుట్టింటి భోషాణాన్ని మ్యూజియంవాళ్లకు ఇచ్చేయడం. గదిలో సగం అదే ఆక్రమించేది. మిగతా సగంలో నేను నడిస్తే కాలి బొటనవేలు దానికే తగిలేది. పాత కోర్టు భవనాన్ని మ్యూజియం చేస్తున్నాం, పాతకాలపు ఇంటి సామాను ఉంటే ఇవ్వండని వాళ్లు అడగ్గానే అప్పజెప్పేశాను.

ఆవిడ తిరిగొచ్చి అడిగితే, మూత ఊడింది, వడ్రంగికి ఇచ్చానన్నాను. ఇక మూడు నెలలుగా ఆ లేని వడ్రంగిని నేనే సాకుతున్నాను. ఓ వారం అతనికి జ్వరం, మరో వారం మరదలి పెళ్లి. మొన్న ఉలి పోయింది. పాపం, ఆవిడ ప్రతిసారీ జాలిపడేది.

ఇంతలో మ్యూజియం తెరిచారు. చూసి తీరాలని ఆవిడ పట్టుబట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కింది గదుల్లో మగ్గాలూ లాంతర్లూ గంటసేపు చూపించాను. మేడమెట్ల దగ్గర మోకాలు నొప్పంటూ కూలబడ్డాను. నన్ను కూర్చోమని చెప్పి ఆవిడ చకచకా ఎక్కేసింది. ఆవిడకంటే ముందు నేను పైకి చేరాను.

ఒకప్పుడు విచారణ జరిగే హాల్లో, ముద్దాయి బోను పక్కనే మా భోషాణం తళతళలాడుతోంది. దానికి అడ్డంగా నిలబడ్డాను.

"కాస్త జరగండి, కార్డు చదవాలి" అంది.

కార్డు మీద దాతగా ఆవిడ పేరే ఉంది. ఇదెలాగని అడిగితే ఆవిడే చెప్పింది.

సొంతదారు సంతకం లేనిదే వాళ్లు ఏ వస్తువూ ప్రదర్శనకు పెట్టరట. అది ఎవరి పుట్టింటిదో ఫారంలో శ్రద్ధగా రాసిన మహానుభావుణ్ణి నేనే. వాళ్లు ఆవిడకు ఫోన్ చేశారు, ఆవిడ వెళ్లి సంతకం పెట్టింది. ఇదంతా మూడు నెలల కిందటి మాట.

"మరి నా వడ్రంగి కబుర్లన్నీ ఎందుకు విన్నావు?"

"బాగుండేవి. ఉలి పోయిన సంగతి మా ఆఫీసులో అందరికీ చెప్పాను."

"కోపం రాలేదా?"

"పదేళ్లుగా దాన్నెలా వదిలించుకోవాలా అని చూస్తున్నానండీ. అమ్మ ఏమంటుందోనని భయం. ఇప్పుడా భయం తీరింది. నీ అల్లుడే ఇచ్చేశాడని చెప్పాను. ఆదివారం వస్తోంది."

గుండెల మీద బరువు దిగిపోయి, అక్కడి బెంచీ మీద హాయిగా చేరగిలబడ్డాను. అత్తగారి కోపమంటారా, రెండు రోజులుండి అత్తగారితోపాటే వెళ్లిపోతుంది. కాపురం చేయాల్సింది మా ఆవిడతో కదా! ఆదివారం అత్తగారికి ఈ భోషాణాన్ని దగ్గరుండి నేనే చూపిస్తానని ఒప్పుకున్నాను.