ఎర్ర కారు పక్కన బాతు

సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాలని మెయిల్ వచ్చేసరికి యోగానంద్‌కు ముద్ద దిగలేదు. కెనడాలోని ఆ కనాటా ఊళ్లో అందరూ లాక్‌డౌన్‌ను తిట్టుకుంటారు గానీ, ఆయన మాత్రం దాన్ని తలుచుకుని మురిసిపోతుంటాడు. అప్పట్లో రోడ్ల మీద కార్లు లేవు. పిట్టల కూతలు పడకగదిలోకి వినిపించేవి. ఒక గూస్ బాతయితే ఏకంగా ఆయన ఎర్ర కారు చక్రం పక్కనే గుడ్లు పెట్టింది. ఇక్కడ దాని గూడు కదిపితే చట్టం ఊరుకోదు. నెల రోజులు కారు కదల్లేదు. అప్పటి నుంచీ ఇంటి నుంచే ఉద్యోగం. వేడన్నం, పప్పు, ఎదురుగా భార్య. ఆ మధ్యాహ్నాలు చేజారిపోతాయనే ఆయన బెంగంతా.

"చంద్రా, బాతు మళ్ళీ గుడ్లు పెట్టిందని మేనేజర్‌కి రాసేస్తా. కారు తీయలేనంటా."

"బాతేదండీ?"

"అప్పటి ఫోటోలున్నాయిగా. బాతులన్నీ ఒకేలా ఉంటాయి."

ఇలాంటి వాటికి చంద్రకళ మామూలుగా అడ్డం పడుతుంది. ఈసారి తనే ఫోన్ తీసుకుని, ఓపిగ్గా వెతికి ఒక ఫోటో చూపించింది.

"ఇది పంపండి. కారు కూడా బాగా పడింది."

పెళ్లయిన ఇరవై ఏళ్లకు భార్య తనతో ఏకీభవించిందని యోగానంద్ పొంగిపోయి, ఫోటో సరిగ్గా చూడకుండానే పంపేశాడు.

పది నిమిషాల్లో మేనేజర్ రవిశంకర్ ఫోన్ చేశాడు.

"యోగానంద్ గారూ, పాపం, బాతుని డిస్టర్బ్ చేయకండి. కానీ ఫోటోలో ఉన్న కారు మీరు రెండేళ్ల కిందట నాకే అమ్మారు కదండీ. సోమవారం ఎనిమిదింటికి అందులోనే వచ్చి మిమ్మల్ని పికప్ చేసుకుంటా."

యోగానంద్ ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "ఆ కారు అమ్మేశామని నీకు గుర్తులేదా?"

"గుర్తుంది కాబట్టే ఆ ఫోటో వెతికాను."

"నేనింట్లో ఉంటే నీకంత బరువా?"

"బరువని కాదండీ. మీకు రోడ్డు మీద చప్పుడు ఆగింది, నాకు ఇంట్లో మొదలైంది. పొద్దస్తమానం మీ మీటింగులే. మిక్సీ వేస్తే ఉష్ అంటారు. కూనిరాగం తీసినా ఉష్ అంటారు. నేను పాట పాడి ఎన్నేళ్లయిందో మీకు తెలుసా?"

తెలియదు. పెళ్లిచూపుల్లో ఆ పాట విని ఒప్పుకున్న మనిషికి, అది ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

సోమవారం లంచ్ డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. ఎర్ర కారు సిద్ధంగా ఉంది. డోర్ మీద చెయ్యి వేశాడో లేదో, వంటింటి కిటికీలోంచి సన్నగా పాట మొదలైంది. గొంతు ఒకచోట తడబడి, మళ్ళీ అందుకుంది.

"ఎక్కండి సార్, లేటవుతోంది," అన్నాడు రవిశంకర్.

"ఉష్," అన్నాడు యోగానంద్. "చరణం అయిపోనివ్వండి."