తన్నని తుపాకీ

ఆ శనివారం పొద్దున నికనోర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మాతే ఆకుల కషాయం తాగడం, తుపాకీ ఎంచుకోవడం, భోంచేసి కునుకు తీయడం. తోతొరాల్ ఊరి బయట, జొన్నచేల నడుమ అతనికి గువ్వల వేట విడిది ఉంది. ఆ చేలమీద పడి తినే గువ్వలకు లెక్కలేదు, కాల్చడానికి హద్దూ లేదు. వచ్చిన అతిథి రోజుకు వెయ్యి తూటాలైనా పేల్చవచ్చు, భుజం ఒప్పుకుంటే.

చిక్కంతా ఆ భుజం దగ్గరే వచ్చింది. కిందటేడు టెక్సస్ నుంచి వచ్చిన టేటమ్, అతని స్నేహితులు ఏడుగురూ రెండో రోజుకే చేతులెత్తేశారు. "నీ తుపాకులు గాడిదల్లా తన్నుతున్నాయి నికనోర్! ఒక్క పిట్టా సరిగా పడలేదు. వచ్చే ఏడు మెత్తని తుపాకీ ఉంటే సరే, లేకపోతే పక్క విడిదికి పోతాం," అని టేటమ్ కారెక్కుతూ చెప్పాడు. విడిది ఏడాదంతా నిలబడేది ఆ ఎనిమిది మంది మీదే. వాళ్ళు ఆదివారం దిగుతున్నారు. నికనోర్‌కి భయంతో అన్నం కూడా సహించడం లేదు.

కోర్దొబా నగరం నుంచి తుపాకుల వ్యాపారి పౌతాస్సో తన వ్యానులో రెండు రకాలు, పన్నెండేసి చొప్పున, తెచ్చాడు. తూటా తర్వాత తూటా తమంతట తామే ఎక్కించుకునేవే రెండూ. ఒకటి లావుగా, బరువుగా, ముందు భాగం గుమ్మడికాయలా ఉంది.

"ఇది పేలినప్పుడు వచ్చే వాయువును కొంత మింగి ఆ ఊపుతో పనిచేస్తుంది. బరువెక్కువ, రోజూ మసి తుడవాలి," అన్నాడు పౌతాస్సో. ఆపైన సన్నటి, నిగనిగలాడే రెండోదాన్ని తీశాడు. "ఇది వాయువు జోలికి పోదు. మసి లేదు, బరువు లేదు. అందం చూడండి!"

"అందం సరే, తన్నుతుందా?"

"అది మగాడి భుజాన్ని బట్టి ఉంటుంది, దొన్ నికనోర్," అన్నాడు పౌతాస్సో ఎంతో వినయంగా.

ఆ మాటతో పరీక్ష పూర్తిగా గాడి తప్పింది. తుపాకీ తన్నిందని ఒప్పుకున్న మగాడు ఆ చుట్టుపక్కల ఇంతవరకు పుట్టలేదు. ఆ సంగతి నికనోర్‌కి తెలియకపోలేదు, కాని తనూ ఆ చుట్టుపక్కలవాడే. వేటలో అతిథుల వెనక నిలబడి తూటాలు అందించి, పడ్డ పిట్టలు లెక్కపెట్టే ఫ్రోయిలాన్‌ని, అతని ఇద్దరు తమ్ముళ్ళని పిలిచి సన్నటి తుపాకులు చేతికిచ్చాడు.

వంద తూటాలు పేల్చాక అడిగాడు. "ఎలా ఉంది ఫ్రోయిలాన్? తన్నుతోందా?"

"ఇదా? దోమ వాలినట్టు కూడా లేదు," అన్నాడు ఫ్రోయిలాన్, కళ్ళలో నీళ్ళతో. "గాలికి దుమ్ము పడింది కంట్లో."

"మాకైతే నిద్రొస్తోంది," అన్నారు తమ్ముళ్ళు.

పనివాళ్ళకే నిద్రొస్తుంటే యజమాని ఊరుకుంటాడా? నికనోర్ రెండు వందలు పేల్చాడు. అది చూసి ఫ్రోయిలాన్ మూడు వందలు పేల్చాడు. లావు తుపాకీ గోడకు చేరబడి ఎండలో కూర్చుంది. దాన్ని ముట్టుకుంటే ఎవరేమనుకుంటారోనని ఒక్కడూ ముట్టుకోలేదు.

ఆ చప్పుడుకు నికనోర్ భార్య ఎదెల్మీరా వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చింది. "ఏదీ, నాకోసారి ఇలా ఇవ్వు," అని సన్నటిది తీసుకుని ఒక్క తూటా పేల్చి, తుపాకీ భర్త ఒళ్ళో పడేసింది. "అయ్యబాబోయ్, భుజం ఊడిపోయింది! ఇది కొన్నావంటే నీకూ నాకూ చెల్లు, ముసలాయనా."

నలుగురు మగాళ్ళూ పగలబడి నవ్వారు. నవ్వితే భుజం కదిలి ప్రాణం పోయినంత పనైంది గనుక తొందరగానే ఆపేశారు. నికనోర్ సన్నటివి పన్నెండూ దించమన్నాడు. లావువి సోమవారం వెనక్కి తీసుకుపోతానని పౌతాస్సో ఆ రెండు రోజులూ అక్కడే ఉండిపోయాడు.

ఆదివారం తెల్లారేసరికి విడిదిలో పౌతాస్సోకి తప్ప ఒక్క మగాడికీ కుడి చెయ్యి లేవలేదు. నికనోర్ ఎడమచేత్తో మాతే పోసుకుని ఒళ్ళంతా తడుపుకున్నాడు.

"ఏమైంది ఆ చేతికి?" అంది ఎదెల్మీరా.

"పరుపు సరిగా లేదు."

"నీకేమైంది ఫ్రోయిలాన్?"

"దిండు, అమ్మా. రాయిలా ఉంది." తమ్ముళ్ళు కూడా దిండు మీదే ఒట్టేశారు.

ఎదెల్మీరాకి అంతా తెలుసు. కాని మగాళ్ళ మాటకు విలువివ్వాలని ఆ పూట ఆమెకు గట్టిగా అనిపించింది. అతిథుల గదులతో సహా విడిదిలో ఉన్న పరుపులూ దిండ్లూ అన్నీ ముంగిట్లోకి ఈడ్చి, ఎండలో పరిచి, కర్రతో బాదడం మొదలుపెట్టింది. "దరిద్రపు పరుపులు! మా మగాళ్ళ చేతులు పడగొట్టేశాయి!"

సరిగ్గా అప్పుడే టెక్సస్ వాళ్ళ రెండు కార్లూ వచ్చి ఆగాయి.

ఆరేళ్ళుగా వస్తున్న టేటమ్ ఆ ఊరి మర్యాదలన్నీ నేర్చుకున్నాడు. చేతులు చాచి, కౌగిలించుకుని కుడి భుజం మీద ఓ చరుపు చరచడానికి ఉత్సాహంగా వచ్చాడు. నికనోర్ మూడడుగులు వెనక్కి గెంతాడు. టేటమ్ చిన్నబుచ్చుకుని ఫ్రోయిలాన్ వైపు తిరిగాడు. ఫ్రోయిలాన్ గోడవారకు నక్కాడు, తమ్ముళ్ళు ఫ్రోయిలాన్ వెనక నక్కారు. ఆ దేశంలో కౌగిలి తప్పించుకునేవాడికి పగైనా ఉండాలి, రోగమైనా ఉండాలి. టేటమ్ వేలాడుతున్న నాలుగు చేతుల్ని చూశాడు, ఎండలో పడున్న పరుపుల్ని చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది ఇది?" అన్నాడు మెల్లగా.

"ఏది?"

"ఈ అంటురోగం. దాచకు నికనోర్, ఇంటింటికీ వచ్చిందా?" ఏడుగురు స్నేహితులూ అప్పటికే జేబురుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన పక్క విడిదికి ఫోను కలుపుతున్నాడు.

నికనోర్ ఎదెల్మీరా వైపు చూశాడు. ఆమె కర్ర చంకన పెట్టుకుని నింపాదిగా నిలబడింది, సాయం చేసే ఉద్దేశం ఏ కోశానా లేదు. ఓ పక్క విడిది, ఓ పక్క పరువు. అరవై ఏళ్ళ పరువును పాపం అంత తేలిగ్గా వదులుకోలేకపోయాడు. ఫోనులో అవతల గొంతు వినబడ్డాకే నోరు పెగిలింది.

"రోగం కాదు! తుపాకీ తన్నింది!"

 నికనోర్ చొక్కా గుండీలు విప్పి వంకాయ రంగు భుజం చూపించాడు. "నొప్పి. చచ్చేంత నొప్పి. రాత్రంతా ఏడ్చాను."

"నాకూనండీ," అన్నాడు ఫ్రోయిలాన్ చిన్నపిల్లాడిలా. తమ్ముళ్ళు బావురుమన్నారు. పౌతాస్సో ఎవరూ అడగకముందే వ్యాను వైపు నడిచి, లావు తుపాకులు మోసుకొచ్చాడు.

ఆ సాయంత్రం వేట నుంచి తిరిగొచ్చిన టెక్సస్ వాళ్ళు తుపాకీని తెగ పొగిడారు. ఆరేసి వందల తూటాలు పేల్చినా ఏ ఒక్కరూ భుజం తడుముకోలేదు. నికనోర్‌కి రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. టేటమ్ మాత్రం ముద్ద ముట్టకుండా ఫ్రోయిలాన్ చేతిలోని పిట్టల లెక్క వైపు దిగులుగా చూస్తూ కూర్చున్నాడు. తన ఆరు వందల తూటాలకు నలభై ఒక్క గువ్వలు. గాలి లేదు, ఎండ కంట్లో పడలేదు, తుపాకీ తన్నలేదు.

సోమవారం పొద్దున, స్నేహితులింకా లేవకముందే, టేటమ్ నికనోర్‌ని పక్కకు లాగాడు.

"ఆ సన్నటివి పంపించేశావా?"

"లేదు, ఇప్పుడే వ్యానుకెక్కిస్తున్నారు. ఏం?"

"నాకొకటి ఉంచు," అన్నాడు టేటమ్ గొంతు తగ్గించి. "మనిషన్నాక ఏదో ఒకదాని మీద తప్పు తోసెయ్యాలి కదా."

నికనోర్ కాసేపు అతన్ని ప్రేమగా చూసి, పౌతాస్సోని కేకేశాడు. "ఆరు లావువి ఉంచు, ఆరు సన్నటివి ఉంచు!"

"అన్ని తన్నులు తిన్నాక కూడానా?" అంది ఎదెల్మీరా.

ఆ ఏడు వేట కాలమంతా రోజూ పొద్దున్నే ముందు ఖాళీ అయింది సన్నటి తుపాకులున్న అలమారే.