కోత పండుగ పడవ

శుక్రవారం పొద్దున జయరత్నం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంట్లో ఉన్న పడవను చర్చి హాలుకు చేర్చాలి, సోమవారం తిరిగి తెచ్చుకోవాలి, పై శనివారం పుంగనూరు దగ్గరి చెరువులో దించాలి. అంతే. చిన్నపిల్లవాడు కూడా చెడగొట్టలేని ప్లాను. దాన్ని చెడగొట్టడానికి అరవై రెండేళ్ళ మనిషి కావలసి వచ్చింది.

మదనపల్లెలో పడవేమిటని మీరడగవచ్చు. ఊరంతా అడిగింది. మిషన్ ఆసుపత్రి మందుల గదిలో ముప్పై రెండేళ్ళు మాత్రలు పొట్లాలు కట్టి రిటైరైన మనిషికి, తన చేత్తో ఒక్క వస్తువైనా చేయాలనిపించింది. కుర్చీ చేసుకోవచ్చు కదా అంటే, కుర్చీలు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయన్నాడు. బెంగళూరు నుంచి పడవ కిట్టు తెప్పించాడు. నంబర్లు వేసిన చెక్కలు, రాగి తీగ, జిగురు డబ్బాలు, ఎట్లా చేయాలో చెప్పే పుస్తకం. చెక్కల అంచులకు చిల్లులు వేసి, తీగతో కుట్టి, సందుల్లో జిగురు పూసి, ఆరాక రుద్ది రుద్ది నునుపు చేసేసరికి మూడు నెలలు పట్టింది. మనుమరాలు ఫోన్ చేసినా ముందు పడవ క్షేమమే చెప్పేవాడు.

భార్య సంతోషమ్మ రిటైరైన నర్సు. ఓర్పు ఎక్కువ. కానీ శనివారం స్త్రీల మైత్రి ప్రార్థన తమ ఇంట్లోనే అని తేలాక ఆ ఓర్పు కూడా అయిపోయింది.

"ఇరవైమంది వస్తాండారు. పడవలో కూసోబెట్టమంటారా? ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల!"

జయరత్నానికి ఒళ్ళు మండింది. చర్చి వాచ్‌మన్ రూబెన్‌ను పిలిచి, ఇద్దరూ కలిసి పడవను తోపుడు బండి మీద చర్చి హాలుకు చేర్చారు. తిరిగొచ్చాక సంతోషమ్మ కాస్త మెత్తబడి, "యాడ పెట్టినారు?" అని అడిగింది.

"యాడో ఒక సోట. నీకు అడ్డం లేదు గదా!" అని ముఖం తిప్పుకున్నాడు. ఈ ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ ఆదివారం కోత పండుగ. సంఘంలో వాళ్ళు గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, టమోటా బుట్టలు కానుకలుగా తెచ్చి ముందురోజే ఆ హాల్లో పెడతారు. ఆరాధన అయ్యాక అన్నింటికీ వేలం పాట. అంటే ఆ వారం హాల్లో ఏముంటే అది దేవునికిచ్చిన కానుకే. ఈ సంగతి జయరత్నానికి తెలియదా? బాగా తెలుసు. మూడు నెలలుగా బుర్రలో జిగురు తప్ప ఇంకేమీ లేకపోవడం వల్ల గుర్తు రాలేదు. రూబెన్ శనివారమే తాళాలు పాస్టరు అయ్యగారికిచ్చి, చెల్లెలి ఇంటికి కుప్పం వెళ్ళిపోయాడు.

ఆదివారం జయరత్నం చర్చిలో అడుగు పెట్టేసరికి పడవ బలిపీఠం ముందుంది. నిండా టమోటాలు. ముందు కొమ్ము దగ్గర పెద్ద గుమ్మడికాయ. తెడ్లకు బంతిపూల దండలు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న సంతోషమ్మ పడవను చూసింది, భర్తను చూసింది, తల దించుకుంది.

జయరత్నం బయటికి పరుగెత్తి రూబెన్‌కు ఫోన్ చేశాడు. "ఏమప్పా, నా పడవను కానుకల్లో కలిపేసినారు! రెండు దినాలు పెట్టుకునేదానికి తెచ్చినామని అయ్యగారికి నువ్వు సెప్పు!"

"పెట్టుకునేదానికా?" రూబెన్ అదిరిపడ్డాడు. "నేనూ కానుకే అనుకుంటి గద సార్! కుప్పం దాకా బస్సులో అందరికీ అదే సెప్పినా. ఎంత పెద్ద మనసు సార్ మీది!"

ఉన్న ఒక్క సాక్షీ అలా పోయాడు. లోపల భీమరావు అయ్యగారు ప్రసంగం ఎత్తుకున్నారు. "నా పరిచర్యలో కోత పండుగకు కోళ్ళు చూశాను, మేకలు చూశాను. పడవ ఇదే మొదటిసారి! జయరత్నం గారు తన చేతులతో చేసి ఇచ్చారు!"

లోపలికొచ్చి కూర్చున్న జయరత్నం ఇక లాభం లేదని లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఒక్క మాట..."

ఆ చర్చిలో మధ్యలో లేచేవాళ్ళు దేవుడు తమకు చేసిన మేలు చెప్పడానికే లేస్తారు. "సాక్ష్యం చెప్తారు!" అన్నారు అయ్యగారు ఆనందంగా. మైకు చేతికొచ్చింది. మూడు వందల మంది చూస్తున్నారు. ముందు వరుసలో పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. ఇచ్చిన కానుకను అందరి ముందూ వెనక్కి లాక్కునే మొనగాడు ఎవడు? జయరత్నం గొంతు సవరించుకుని, "దేవునికి స్తోత్రం" అని కూలబడ్డాడు. అంత పొట్టి సాక్ష్యం అక్కడ ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. చాలామందికి బాగా నచ్చింది.

వేలంలో పడవ వంతు వచ్చింది. ఏటా గుమ్మడికాయల కోసం పుంగనూరు నుంచి వచ్చే పాల వ్యాపారి మునెప్ప లేచి, పడవను వేలితో తట్టి చూశాడు. "ఆవులకు కుడితి తొట్టికి బాగుంటాది. నీళ్ళు కారవు గదా?"

"ఒక్క సుక్క కారదు!" అని రోషంగా అరిచి, జయరత్నం వెంటనే నాలుక కరుచుకున్నాడు. మునెప్ప సంతోషంగా మొదటి పాట పాడాడు.

కుడితి తొట్టి! జయరత్నం అటూ ఇటూ చూశాడు. తనిచ్చిన కానుకను తనే పాడితే నలుగురూ నవ్వుతారు. పక్కనే ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ శరత్ బాబు చెవిలో, "నువ్వు పాడప్పా. నేను కళ్ళద్దాలు తీసినప్పుడల్లా పెంచు. దుడ్లు నావి" అన్నాడు.

శరత్ బాబు పెంచాడు. మునెప్ప పెంచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సండే స్కూల్ టీచర్ మెర్లిన్ హఠాత్తుగా లేచి ఇంకా పెంచింది. "ఈ ధరకు ఇంకో ఆవే వస్తాది లేప్పా" అని మునెప్ప కూర్చున్నాడు. మెర్లిన్ మాత్రం తగ్గలేదు. జయరత్నానికి చెమటలు పట్టి అద్దాలు మసకబారాయి. తీసి తుడిచాడు. శరత్ బాబు పెంచాడు. పాట కొత్త కిట్టు ధర దాటింది. కంగారులో మళ్ళీ తుడిచాడు. శరత్ బాబు మళ్ళీ పెంచాడు. రెండో కిట్టు ధర కూడా దాటబోతుంటే జయరత్నం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పడవ మెర్లిన్‌ది అయింది.

బయటికి రాగానే ఆమెను పట్టుకున్నాడు. "నీకు పడవ యాలమ్మా?"

"నాకు యాల పెదనాన్నా? పెద్దమ్మ పాడమనింది."

వెనకే వచ్చిన సంతోషమ్మ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంట్లో ఉంచొద్దంటే కోపంతో దేవునికిచ్చేస్తిరే! మీ మొగం సూడలేకపోతిని. ఫ్రిజ్జుకని దాపెట్టిందంతా పెట్టేసినా."

"నేను యాడ ఇచ్చినా? సోమవారం తెచ్చుకుందామని పెట్టినా!"

"మల్ల ఆ శరత్ బాబు ఎవురికోసం పాడినాడు?"

జయరత్నం కళ్ళద్దాలు తీశాడు. అల్లంత దూరాన శరత్ బాబు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు.

సంతోషమ్మకు అంతా అర్థమైంది. "అంటే ఇంతసేపూ పాటలో మీ మీద నేను, నా మీద మీరా!" అని నెత్తి కొట్టుకుంది. జయరత్నానికి మాత్రం సిగ్గూ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఆమె తన కోసం ఇంత దుబారా చేయడం ఇదే మొదలు. "సరే పో, నా పడవ నాకు దక్కింది" అన్నాడు.

"ఎవురి పడవ?" సంతోషమ్మ రసీదు విప్పి చూపించింది. "నా పేరుండాది, సదువుకోండి."

శనివారం పడవ చెరువులో దిగింది. వంకర పోకుండా, ఒరగకుండా బంగారంలా తేలింది. అందులో ఇద్దరికే చోటు. గట్టున చెప్పులు విడిచి ఎక్కి, సంతోషమ్మ వెనక కూర్చుంది, మెర్లిన్ తెడ్లు పట్టింది.

"మల్ల నేను?" అన్నాడు జయరత్నం గట్టు మీద నుంచి.

"పాట పాడింది మెర్లిన్, దుడ్లు కట్టింది నేను. మీరు ఆ చెప్పులు సూస్తా ఉండండి!"

వాళ్ళిద్దరూ చెరువు మూడు సార్లు చుట్టి వచ్చారు. చెప్పులు ఒక్కటీ పోలేదు.