కింద పెట్టరాని ముంత

చెల్పూర్ పక్క తండాలో ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం సాదాసీదాది. ప్రియ తన బూడిదతో, తోడుగా తండ్రి సేవ్యాతో, సాయంత్రానికి హైదరాబాద్ చేరాలి. కరెంటు ప్లాంటు బూడిదతో గట్టి ఇటుకలు చేయవచ్చా అన్నది ఆమె పరిశోధన. బూడిదలో ఏ పరమాణువు దేన్ని పట్టుకుని ఉందో చెప్పే పెద్ద అయస్కాంతపు మిషన్ హైదరాబాద్‌లో ఉంది. నెలల తరబడి తిరిగితే దాని మీద ఒక్క సాయంత్రం దొరికింది. అది తప్పిపోతే ఆమె చదువు ఈ ఏటికి మునిగినట్టే.

తల్లి రాజీ కొత్త ముంతలో బూడిద పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి ఇచ్చింది.

"బాపూ, ముంత కింద పెట్టకు. మట్టిల ఇనుముంటది. రవ్వంత కలిసినా మిషన్ లెక్క తప్పుతది" అని ప్రియ చెప్పింది. సేవ్యా మాట మీద నిలబడే మనిషి. ముంతను రెండు చేతులా పట్టుకున్నాడు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రాస్తారోకో. తెలంగాణ ఇచ్చేదాకా లేవమని జనం రోడ్డు మీద టెంటు వేసుకుని కూర్చున్నారు. బస్సు దిగిన సేవ్యాకు టెంటు పెద్ద నిరంజన్ కుర్చీ వేయించాడు.

"ముంత కింద పెట్టి జర చాయ్ తాగు, బాపు."

"కింద పెట్టరాదు బిడ్డా."

టెంటంతా లేచి నిలబడింది. చితాభస్మం నీళ్లలో కలిపేదాకా నేలను తాకరాదని అక్కడ తెలియనివారు లేరు. పైగా బూడిద జల్లించి జల్లించి ప్రియ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇంకేం కావాలి!

"యాడికి పోతున్రు?" అన్నాడు నిరంజన్ మెల్లగా.

"హైదరబాద్."

"ఆడ గోదారి యాడుంది? దుఃఖంల దారి తప్పిన్రు. కాళేశ్వరం అటు!"

"అన్నా, గిది ఉత్త బూడిదే!" అని ప్రియ మొత్తుకుంది.

నిరంజన్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "అవును చెల్లే. ఆఖరికి అందరం గంతే."

తండ్రీ బిడ్డలను జీపెక్కించి, నిరంజన్, మరో ఇద్దరు టెంటు మనుషులు తోడెక్కి, వచ్చిన దారినే వెనక్కి మళ్లించారు. ఊరూరా జనం జీపు ఆపి, గుడ్డ విప్పి, ముంతలో పూలు, పసుపు, చిల్లర పైసలు వేశారు. పైసా పడ్డప్పుడల్లా "అయ్యో ఇనుము!" అని ప్రియ ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి ఆడవాళ్లు ఏడ్చారు. పాపం, ఎవరిని తప్పు పట్టగలం?

మధ్యాహ్నానికి జీపు చెల్పూర్ దాటబోతుండగా రోడ్డు పక్కన రాజీ చేయెత్తింది. "ఏందే, మీరింక ఈడనే ఉన్నరా? మన పొయ్యి బూడిదకు గిన్ని పూలెందుకు?"

ప్రియ తలెత్తింది. "పొయ్యి బూడిదా?"

"ఆ ప్లాంటు మురికి అంత పెద్ద మిషన్‌కు ఎట్ల పంపుత? నా బిడ్డ పరువేం గావాలె? గిన్నెలు తోమ దాచిన మన బూడిదంత సన్నగ జల్లెడ పట్టి పోసిన. నీ ప్లాంటు బూడిద డబ్బ గంప కింద భద్రంగనే ఉంది."

 ప్రియ నవ్వాలో ఏడవాలో తెలియక తల్లిని గట్టిగా వాటేసుకుంది. ఆ ముంతతోనే హైదరాబాద్ పోయుంటే దొరికిన ఒక్క సాయంత్రమూ పొయ్యి బూడిద పాలయ్యేది. అసలు సంగతి ప్రియ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. నిరంజన్ ఈసారి చివరిదాకా విన్నాడు.

"మన బొగ్గు, మన బూడిద. కరెంటు ఎవలకో" అన్నాడు. "డబ్బ తీసుకరా చెల్లే. ఏ రాస్తారోకో ఆపుతదో నేనూ సూస్త."

ఎవరూ ఆపలేదు. చీకటి పడుతుండగా బూడిద అయస్కాంతంలోకి దిగింది. పూలు పడ్డ ముంతను పారేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. టెంటు మనుషులిద్దరు దాన్ని కాళేశ్వరం తీసుకుపోయి శాస్త్రోక్తంగా గోదావరిలో కలిపారు.

మర్నాడు రాజీ గిన్నెలు ఇసుకతో తోముకుంది.